వీడియోలు కుదించే ప్రాజెక్టా, ఏఐ కోర్సా?

ప్రశ్న: మా అమ్మాయి ఈసీఈ మూడో సంవత్సరం. మైక్రోస్కోపు వీడియోలను నాణ్యత తగ్గకుండా కుదించే ప్రాజెక్టు చేస్తానంటోంది. తోటివాళ్లంతా ఏఐ కోర్సుల్లో చేరుతున్నారు. మా అన్నయ్య కొడుకూ అదే చేశాడు. ఫైళ్లు జిప్ చేసే పనికి ఉద్యోగం ఎవరిస్తారు? రెండింటిలో ఏది మేలు? – ఒక తండ్రి

జవాబు: తోటివాళ్ల సంగతి రాశారు, అన్నగారి అబ్బాయి సంగతి రాశారు. ఈ పని మీద అమ్మాయికి ఎందుకు మనసైందో మాత్రం అడిగినట్టు లేదు. మీ బెంగ ఉద్యోగం గురించా, బంధువులకు చెప్పుకోవడం గురించా?

ఇది జిప్ చేసే పని కాదు. పరిశోధనకు వాడే కెమెరా 2048×2048 పిక్సెళ్లతో, పిక్సెలుకు 16 బిట్లతో తీస్తే ఒక్కో ఫ్రేము 8 ఎంబీ దాటుతుంది. సెకనుకు 100 ఫ్రేములంటే నిమిషానికి 50 జీబీ. ఫోనులోని జేపెగ్ లాగా కంటికి ఆనని తేడాలను తీసిపారేస్తే కుదరదు, ఎందుకంటే శాస్త్రవేత్త కొలిచేది ఆ తేడాలనే. విప్పినప్పుడు ప్రతి బిట్టూ యథాతథంగా తిరిగి రావాలి. పైగా చిత్రంలో అడ్డదిడ్డంగా కలిసే కెమెరా నాయిజ్‌కు ఒక క్రమమంటూ ఉండదు కాబట్టి అది కుదింపుకు లొంగదు. ఎంతవరకు కుదించగలమో 1948లోనే సమాచార సిద్ధాంతానికి పునాది వేసిన క్లాడ్ షానన్ లెక్క తేల్చాడు. ఖగోళ చిత్రాల ఫిట్స్ ఫైళ్లకు రైస్ పద్ధతి, ఆసుపత్రి స్కాన్లకు జేపెగ్-ఎల్‌ఎస్, భద్రపరిచే వీడియోలకు ఎఫ్‌ఎఫ్‌వీ1 వాడేది ఒక్క బిట్టూ పోకుండా కుదించడానికే.

ఏఐ వద్దని నేననను. నా అనుమానమంతా ఆరు నెలల కోర్సుల మీద. ఎవరి రెజ్యూమె చూసినా అవే మూడు ప్రాజెక్టులు, అదే రెడీమేడ్ డేటా. ఆ డేటాలోని చిత్రం ఎన్ని బిట్లదో, ఎలా దాచారో అడిగితే మౌనం. జేపెగ్ మిగిల్చిన 8×8 గళ్ల మచ్చలను ఏఐ మోడల్ అసలు లక్షణాలుగా నేర్చుకున్నా పసిగట్టలేరు. కోర్సు అమ్మేవాళ్లు ఇది చెప్పరు. మీరూ అడగరు, ఫీజు మాత్రం కట్టేస్తారు.

‘కంప్రెషన్ ఇంజినీర్’ అన్న పేరుతో ప్రకటనలు అరుదు, ఆ మాట నిజమే. కానీ సి భాష, సిగ్నల్ ప్రాసెసింగ్, సంభావ్యత గట్టిగా వచ్చినవాళ్లు వైద్య చిత్రాలు, వీడియోలను కుదించి విప్పే కోడెక్‌లు, కెమెరాను లోపలి నుంచి నడిపే ఫర్మ్‌వేర్, ఉపగ్రహ డేటా వైపు వెళ్లవచ్చు. హైదరాబాద్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ అనే ఇస్రో కేంద్రం చేసేది ఉపగ్రహ చిత్రాల పనే. మూడో సంవత్సరంలో ఒక ప్రాజెక్టుతో ఏ తలుపూ మూసుకుపోదు. ఏఐ తర్వాతైనా నేర్చుకుంటుంది, అప్పుడు ఇంకా బాగా అర్థమవుతుంది. కాబట్టి ఆ విషయంలో నిశ్చింతగా ఉండండి.

ఒక్క విషయం మాత్రం అమ్మాయిని ప్రొఫెసర్ దగ్గర తేల్చుకోమనండి. కెమెరా నుంచి నేరుగా వచ్చిన రా వీడియోలు ఇస్తారా, నెట్‌లో దించుకున్నవా? దించుకున్నవి అప్పటికే వివరాలు పోగొట్టుకుని ఉండవచ్చు, అలాంటి వాటి మీద తేలిన ఫలితాన్ని నమ్మలేం. రా వీడియోలు ఎక్కడా దొరక్కపోతే వేరే ప్రాజెక్టు చూసుకోమనండి.