జలుబు జామకాయతో రాదు, మనిషితో వస్తుంది

"విజయవాడలో ఉంటాం. చలికాలం మొదలైతే చాలు, మా ఇంట్లో జలుబు ఒకరి తర్వాత ఒకరికి నెల రోజులు తిరుగుతూనే ఉంటుంది. అమ్మకు 66 ఏళ్లు, బాబుకు మూడేళ్లు. రాకుండా ఏం చేయాలి, వస్తే ఏం వాడాలి?" అని మీరు అడిగారు.

మాది గుంటూరు, కొరిటెపాడు. నేను డాక్టర్ని కాదు. జలుబేలే అని వదిలేస్తే మా మామయ్య గారిని ఆరు రోజులు ఆసుపత్రిలో పెట్టాల్సి వచ్చింది. అందుకే ఈ ప్రశ్న చూశాక రాయకుండా ఉండలేకపోయాను.

మన ఇళ్లలో ఎవరైనా తుమ్మితే అందరి ధ్యాసా తిండి మీదకే పోతుంది. జామకాయ తిన్నావా, రాత్రిపూట పెరుగు వేసుకున్నావా, తలస్నానం చేసి జుట్టు ఆరబెట్టుకోలేదా అని మొదలుపెడతారు. మా అత్తయ్య గారైతే నీళ్ల మార్పు అంటారు, గుంటూరు నుంచి విజయవాడకు 35 కిలోమీటర్లు వెళ్లొచ్చినా సరే. నేనూ పెళ్లయిన కొత్తలో అవన్నీ నమ్మాను. ఇప్పుడు నమ్మను. జలుబు తెచ్చే వైరస్‌లు 200కు పైగా ఉన్నాయట. అవి జామకాయలో ఉండవు, పక్కన కూర్చున్న మనిషి ముక్కులో, చేతిలో ఉంటాయి. చలికాలంలో అందరం తలుపులు బిగించుకుని ఒకే గదిలో చేరతాం కాబట్టి వాటికి పని తేలికవుతుంది.

2024 సంక్రాంతికి మా ఇంట్లో జరిగింది చెబుతాను.

మా అమ్మాయి అప్పుడు విజయవాడలో ఇంటర్ మొదటి సంవత్సరం, హాస్టల్లో ఉండేది. సెలవులకు వారం ముందు ఫోన్ చేసి, గదిలో ఎనిమిది మందిమి ఉంటే ఆరుగురికి రొంప పట్టింది అని చెప్పింది. సిక్ రూమ్‌లో రెండే మంచాలట. స్టడీ అవర్స్‌లో కిటికీలు మూసేసి ఏసీ వేస్తారట. ఒళ్లు వెచ్చబడినా ఆదివారం పరీక్ష రాయాల్సిందేనట. మూడు లక్షలు ఫీజు కట్టించుకునే చోట పిల్లకు జ్వరం వస్తే రెండు రోజులు పడుకునే వీలు లేకపోతే ఎలా? ఆ కాలేజీ పేరు రాయను, ఏ కాలేజీ అయినా ఇంచుమించు ఇదే వరస. నన్నడిగితే కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పండక్కి దగ్గని ఇల్లు లేకపోవడానికి కారణం ఈ హాస్టళ్లే. పదిహేను రోజులు ఒకే గదిలో దగ్గిన పిల్లలందరినీ ఒకే రోజు బస్సులెక్కించి ఊళ్లకు పంపిస్తారు.

గురువారం సాయంత్రం అమ్మాయి ఇంటికొచ్చింది. ముక్కు ఎర్రగా కందిపోయి ఉంది, చేతిలో తడిసి ముద్దయిన కర్చీఫ్. వస్తూనే తాతయ్య పక్కన మంచం మీద వాలిపోయింది. ఆయన ఊరుకుంటారా, అమృతాంజనం సీసా తీసి దాని నుదుటికి, ముక్కుకు రాస్తూ కూర్చున్నారు. మా మామయ్య గారికి అమృతాంజనం అంటే ప్రాణం. దాన్ని 1893లో మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు మన కృష్ణా జిల్లా ఎలకుర్రు ఆయన అని రాసిన ప్రతిసారీ చెబుతారు. ఆ రోజూ చెప్పారు. తర్వాత అదే చేత్తో కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఎంత ముచ్చటగా ఉన్నారో అనుకున్నానే తప్ప, చేతులు కడుక్కోండి మామయ్య గారూ అనాలని నాకు తోచలేదు.

ఆయన ముప్పై ఏళ్లు మిర్చి యార్డులో గుమాస్తాగా చేశారు. మిరపకాయకు గుంటూరు యార్డు ఆసియాలోనే పెద్ద మార్కెట్టని అందరూ గొప్పగా చెప్పుకుంటాం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో టిక్కీలు, అంటే మిరప బస్తాలు, దిగేటప్పుడు అక్కడ ఒక్క గంట నిలబడి చూడండి, ఆ ఘాటుకు కళ్లు, ముక్కు, గొంతు ఏకమవుతాయి. ఘాటుకు వచ్చే తుమ్ములు బయటికొస్తే తగ్గిపోతాయి, జ్వరం రాదు. కానీ ఆ దుమ్మును ముప్పై ఏళ్లు పీల్చిన మనిషి ఆయన. రిటైరయ్యే నాటికే మెట్లెక్కితే ఆయాసం. అలాంటి మనిషి పక్కన తుమ్ముతున్న పిల్లను కూర్చోబెట్టాం.

భోగి ఆదివారం వచ్చింది. తెల్లవారుజామున మా వీధిలో మంట వేశారు. పాత కుర్చీలతో పాటు సైకిల్ టైర్లు కూడా పడేశారు. పిడకలు, ఎండు కట్టెలు వేసే చోట టైర్లు ఏంటో నాకు ఇప్పటికీ అర్థం కాదు, నల్లటి పొగ వీధంతా కమ్మేసింది. మామయ్య గారు కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని కాసేపు నిలబడి లోపలికి వచ్చేశారు. ఆ సాయంత్రం గొంతు గరగర అన్నారు. పండగ రోజుకు ముక్కు కారడం, కనుమ నాటికి 102 జ్వరం.

మా ఆయన వీధి చివర మందుల షాపుకు వెళ్లి విషయం చెబితే, యాంటీబయాటిక్ మాత్రలు మూడు, ఒక దగ్గు సిరప్పు ఇచ్చారు. చీటీ అడగలేదు, వయసు అడగలేదు. మేమూ ఏమీ ఆలోచించకుండా వేశాం. సిరప్పు తాగి ఆయన మధ్యాహ్నమంతా మగతగా పడుకుంటే, నిద్ర పడుతోంది, తగ్గుతోందని సంబరపడ్డాం. జలుబు మందుల్లో చాలావాటికి నిద్ర తెప్పించే గుణం ఉంటుందని తర్వాత తెలిసింది.

గురువారం రాత్రి పది దాటాక మంచినీళ్లు ఇద్దామని వెళ్లాను. దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. ఊపిరి తీసినప్పుడల్లా మెడ కింద గుంట లోపలికి పోతోంది. "ఎట్లా ఉంది మామయ్య గారూ?" అంటే "బాగానే ఉందమ్మాయ్, నువ్వు పడుకో" అన్నారు, కానీ ఆ నాలుగు మాటలు ఒక్క ఊపిరిలో అనలేకపోయారు, మధ్యలో రెండుసార్లు ఆగారు. ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూపించే ఆక్సీమీటరు, కరోనాప్పుడు కొన్నది, బీరువాలోంచి తీసి, బ్యాటరీ రిమోట్‌లోది మార్చి వేలికి పెట్టాను. 88 చూపించింది. వేలు మార్చి పెట్టినా 88, 89.

ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఎక్స్‌రే తీసి, వైరల్ జ్వరం మీద న్యుమోనియా చేరిందన్నారు. ఆక్సిజన్ పెట్టి, నరానికి మందులు ఎక్కించి ఆరు రోజులు ఉంచారు. బతికి బయటపడ్డారు, అదే పదివేలు. డిశ్చార్జి రోజున డాక్టరుగారు అడిగిన మాట ఇంకా నా చెవుల్లోనే ఉంది. "ఆయాసం ఉన్న పెద్దాయనకు ఏటా ఫ్లూ టీకా వేయించాలని మీకెవరూ చెప్పలేదా?" అన్నారు. ఎవరూ చెప్పలేదు. పిల్లల టీకాల కార్డు లామినేషన్ చేయించి దాచుకుంటాం, పెద్దవాళ్లకూ టీకాలుంటాయని మనలో ఎంతమందికి తెలుసు?

ఆ ఏడాది నుంచి అక్టోబరులో ఆయనకూ అత్తయ్య గారికీ వేయిస్తున్నాం. ఫ్లూ వైరస్ ఏటా రూపం మార్చుకుంటుంది కాబట్టి ఒకసారి వేయించి ఊరుకుంటే సరిపోదు. మామూలు జలుబును ఆ టీకా ఆపదు, ఇన్ని రకాల వైరస్‌లకు టీకా అంటూ లేదు. మీ అమ్మగారి విషయంలో ముందు డాక్టరును అడగాల్సింది ఈ ఫ్లూ టీకా గురించే.

ఇక ఇంట్లో పద్ధతులు మార్చాం. అమ్మాయి హాస్టల్ నుంచి జలుబుతో వస్తే తగ్గేదాకా ఇంట్లోనూ మాస్క్ పెట్టుకుంటుంది, దాని గ్లాసు, తువ్వాలు వేరు. వస్తూనే సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ఊరికే నీళ్ల కింద పెట్టి తీయడం కాదు, ఇరవై అంకెలు లెక్కపెట్టేదాకా రుద్దాలి. తాతయ్య గది కిటికీలు చలి అయినా పగలు తెరిచే ఉంచుతాం. మొదట్లో అత్తయ్య గారు బాధపడ్డారు, సొంత మనవరాలిని అంటరానిదాన్ని చేస్తున్నావా అన్నారు. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా మార్చలేదు. చుట్టాలకు కూడా ఫోన్లో చెప్పేస్తాను, జలుబుంటే తగ్గాక రండి అని. ఒకరిద్దరు ముఖం మాడ్చుకున్నారు. ముక్కు చీదుకుంటూ పెళ్లికి వచ్చి అందరి చేతులూ పట్టుకుని పలకరించడాన్ని మన దగ్గర ఆప్యాయత అంటారు, రాకపోతే పొగరంటారు. ఇది మారాలి.

వచ్చిన జలుబుకు ఏం వాడాలంటే, నా అనుభవంలో మిరియాల చారుతో వేడి అన్నం, ఉప్పు వేసిన గోరువెచ్చటి నీళ్లతో పుక్కిలింత, నిద్ర, జ్వరముంటే పారాసెటమాల్. ఇవి జలుబును తగ్గించవు, అది వారం పది రోజులకు తనంతట తనే పోతుంది, అప్పటిదాకా కాస్త సుఖంగా ఉంచుతాయి. దగ్గు రెండు మూడు వారాలు మిగిలిపోవచ్చు. 2023 మార్చిలో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ వాళ్లు కూడా ఇదే చెప్పారు, దగ్గు మూడు వారాల దాకా ఉండొచ్చు, డాక్టరు చెప్పకుండా యాంటీబయాటిక్స్ మింగొద్దు అని. అవి బాక్టీరియా మీద పనిచేసే మందులు, వైరస్‌ను ఏమీ చేయవు. ముక్కు దిబ్బడకు వేసుకునే చుక్కల మందు కూడా నాలుగైదు రోజులు దాటనివ్వకండి, ఆ తర్వాత మందు వల్లే ముక్కు బిగుస్తుంది.

బాబు విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. మీ అంతట మీరు దగ్గు సిరప్పు తెచ్చి పోయొద్దు. 2025లో మధ్యప్రదేశ్‌లో కల్తీ దగ్గు మందు తాగి చిన్న పిల్లలు చనిపోయాక, రెండేళ్ల లోపు వాళ్లకు దగ్గు, జలుబు సిరప్పులు అసలు ఇవ్వొద్దని, ఐదేళ్ల లోపు వాళ్లకు కూడా సాధారణంగా వద్దని కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది. మూడేళ్ల వాడికి రాత్రిపూట ఒక చెంచా తేనె నాకించండి చాలు. ఏడాది నిండని పిల్లలకైతే తేనె కూడా పనికిరాదు. ఆవిరి పట్టిస్తామని మరుగుతున్న గిన్నె పిల్లాడి ముందు పెట్టకండి, మా పక్కింటి పిల్లాడికి అలాగే తొడ కాలి నెలన్నర కట్టు కట్టారు.

మీ అమ్మగారికి ఆయాసం, షుగర్, గుండె జబ్బు లాంటివి ఉన్నాయో లేవో మీరు రాయలేదు. వాటిలో ఏది ఉన్నా, జలుబు చేసిన మూడో రోజుకు కూడా జ్వరం దిగకపోతే డాక్టరుకు చూపించండి. ఆక్సీమీటరు ఇంట్లో ఉంటే బ్యాటరీలు ఇప్పుడే మార్చి పెట్టుకోండి, 94 కంటే తగ్గితే తెల్లారేదాకా ఆగొద్దు. అది లేకపోతే ఆమెతో మాట్లాడించి చూడండి, ఒక వాక్యం ఆగకుండా చెప్పగలుగుతున్నారో లేదో.