ఆల్చిప్పలకు మేత అక్కర్లేదు, నీళ్లే ముఖ్యం

ప్రశ్న: మాది భీమిలి దగ్గర ఊరు. గోస్తనీ ఏటి మొగలో రాళ్లకి ఆల్చిప్పలు పడతాయి. కేరళలో ఆడవాళ్లు గ్రూపులుగా వీటిని పెంచుతున్నారట, మేతే అక్కర్లేదంటున్నారు. మేమూ పెట్టొచ్చా?

జవాబు: మేత అక్కర్లేదన్న మాట నిజమేనండి. నీళ్లలోని సన్నటి నాచును వడకట్టుకుని అవే తింటాయి, రొయ్యల చెరువులా రోజూ మేత సంచుల ఖర్చు ఉండదు. పద్ధతి కూడా కొత్తది కాదు. 1910 ప్రాంతంలోనే బ్రిటిష్ జీవశాస్త్రవేత్త జేమ్స్ హార్నెల్ పులికాట్ సరస్సులో ప్రయత్నించారు, 1970లలో తూత్తుకుడిలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, అంటే సీఎంఎఫ్‌ఆర్‌ఐ వాళ్లు దాన్ని ఒక దారికి తెచ్చారు, 1990లలో కొల్లం దగ్గర అష్టముడి సరస్సులో రైతుల చేత పెట్టించారు. మీరు విన్నది ఆ కేరళ పద్ధతే.

అక్కడ చేసేది ఇది. ఖాళీ చిప్పలు కడిగి, బెజ్జం పెట్టి, నైలాన్ తాడుకు జానెడు ఎడంగా ఐదారు గుచ్చి దండ కడతారు. పిల్ల పడే రోజుల్లో, అంటే నీళ్లలో తిరిగే పిల్ల ఆల్చిప్పలు గట్టి చోటుకు అతుక్కునే రోజుల్లో, అక్కడైతే నవంబరు–డిసెంబరుల్లో, వాటిని వెదురు పందిరికి నేల తగలకుండా వేలాడదీస్తారు. ముందే కడితే చిప్పల మీద బురద, బార్నకిల్ గుల్లలు పట్టేసి పిల్లకు చోటే మిగలదు. ఆరేడు నెలల్లో, అంటే జూన్ వానలకు ముందే, కోసేస్తారు.

ఆ నెలలు మనకు అలాగే పెట్టకండి. డిసెంబరు దాకా మనకు తుఫాన్ల భయం, వరద దిగితే మొగలో ఉప్పు ఒక్కసారిగా పడిపోతుంది. సెలినిటీ (నీళ్లలో ఉప్పదనం) 20 నుంచి 35 పీపీటీ, అంటే వెయ్యి పాళ్లలో 20 నుంచి 35 పాళ్ల ఉప్పు, మధ్య ఉంటే మంచిది. కొద్దిరోజులు తగ్గితే చిప్ప మూసుకుని ఓర్చుకుంటుంది, వారాల తరబడి మంచినీళ్లే ఉంటే చచ్చిపోతుంది. రొయ్యల రైతుల దగ్గర ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ ఉంటుంది, అడిగి తెచ్చుకుని పోటుకీ పాటుకీ కొలిచి రాసుకోండి. పిల్ల ఎప్పుడు పడుతుందో తేల్చుకోవడానికి నెలకు నాలుగైదు దండలు కట్టి చూస్తే చాలు, పెద్ద ఖర్చేం కాదు.

ఇక నాకు అసలు టెన్షన్ మురుగు గురించి. ఆల్చిప్ప గంటకు లీటర్ల కొద్దీ నీళ్లు వడకడుతుంది కాబట్టి ఊరి డ్రైనేజీలోని క్రిములు కూడా దాని కడుపులోకే చేరతాయి. కాలువ కలిసే చోట పందిరి వేయొద్దు, ఎంత వీలున్నా సరే. కోశాక శుభ్రమైన ఉప్పునీటి తొట్టెలో ఒక రోజు ఉంచి కడుపు ఖాళీ చేయించాలి, తర్వాత బాగా ఉడికించాలి. సముద్రం ఎర్రగానో పచ్చగానో మారిన రోజుల్లో మాత్రం అసలు కోయకండి, కొన్ని నాచుల విషం ఎంత ఉడికించినా పోదు.

లెక్క కూడా ముందే వేసుకోండి. చిప్పతో సహా వంద కిలోలు తీస్తే మాంసం సుమారు 8–10 కిలోలే. మిగతాది గుల్ల సున్నానికి, కోళ్ల దాణాకు పోతుంది. మన దగ్గర దీన్ని ఇష్టంగా తినేవాళ్లు తక్కువ, అందుకే విశాఖ హోటళ్ల వాళ్లతో మాట్లాడకుండా రెండో పందిరి వేయొద్దని గట్టిగా చెబుతున్నాను. మొగ అందరిదీ కాబట్టి వల వేసేవాళ్లతో, మత్స్యకార సొసైటీతో, మత్స్యశాఖతో ముందే మాట్లాడుకోవాలి. ఈ ఏడాదికి ఒక్క చిన్న పందిరి వేయండి. రాసుకున్న సెలినిటీ లెక్కలు తీసుకుని విశాఖలోని సీఎంఎఫ్‌ఆర్‌ఐ కేంద్రానికి వెళ్తే మీ మొగకు ఏ నెల సరిపోతుందో కూర్చుని చూసుకోవచ్చు.