రిటర్న్ గడువు దాటినా హక్కు పోదు, కానీ ఆ స్ట్రోలర్‌ని చేయిదాటనివ్వకండి

సందేహం: లాయర్ గారికి నమస్కారం. మాకు రెండున్నరేళ్ల బాబు, అయిదు నెలల పాప. ఇద్దరినీ కలిపి తిప్పడానికి వీలుగా ఉంటుందని బెంగళూరులో ఉండే మా తమ్ముడు ఆన్‌లైన్‌లో రెండు సీట్ల స్ట్రోలర్ బుక్ చేసి మా ఇంటికి పంపించాడు. ధర 14,500 రూపాయలు. బిల్లు వాడి పేరు మీదే ఉంది. వచ్చిన పంతొమ్మిదో రోజు పార్కు గేటు దగ్గర మెట్టు దించుతుంటే లాక్ ఊడి, బండి ఒక్కసారిగా మడతపడింది. బాబు వేలు ఫ్రేములో ఇరుక్కుని చివర చితికింది. నాలుగు కుట్లు పడ్డాయి, వైద్యానికి 11,000 అయింది. కంపెనీకి ఫోన్ చేస్తే ‘రిటర్న్ గడువు ఏడు రోజులే’ అన్నారు. గట్టిగా అడిగితే ‘హ్యాండిల్‌కి సంచులు తగిలించి ఉంటారు’ అన్నారు. మళ్లీ వాళ్లే ఫోన్ చేసి, బండి పంపితే చూసి చెబుతాం, పికప్‌కి మనిషిని పంపిస్తాం అంటున్నారు. ఇచ్చేయమంటారా? ఇంకో సంగతి. ఇది జరిగాక మావారు పాపను బేబీ క్యారియర్‌లో ఛాతీకి కట్టుకుని బైక్ మీద తీసుకెళ్తున్నారు. దానికి ఫైన్ ఉంటుందా?
– ఒక తల్లి, కాకినాడ

సమాధానం: ఇవ్వకండమ్మా. ముందు ఈ ఒక్క పని చేయండి, మిగతావి తర్వాత నిదానంగా చూసుకోవచ్చు.

మీ కేసుకు ప్రాణం ఆ లాక్. బండి వాళ్ల గోడౌన్‌కి వెళ్లిపోతే రేపు జిల్లా వినియోగదారుల కమిషన్ ముందు మీ చేతిలో మిగిలేది ఆసుపత్రి బిల్లు ఒక్కటే. లాక్ అరిగిందా, పిన్ను వంగిందా, అసలు పిన్ను గాడిలో పూర్తిగా కూర్చోకుండానే ‘టక్’మని చప్పుడు వచ్చేలా తయారైందా, ఇవన్నీ ఆ వస్తువు ఎదురుగా ఉంటేనే తేలతాయి. మరమ్మతు చేయించొద్దు, స్క్రూ కూడా బిగించొద్దు. లాక్‌కి రెండు వైపులా పగటి వెలుతురులో దగ్గర నుంచి ఫొటోలు తీయండి. పిల్లలెవరూ లేకుండా బండి తెరిచి, కొద్దిగా నొక్కితే ఏమవుతోందో వీడియో తీయండి. ఫ్రేము మీద స్టిక్కరు, అందులోని బ్యాచ్ నంబరు, అట్టపెట్టె, లోపల వచ్చిన కాగితం అన్నీ దాచండి. తర్వాత బండిని పాత దుప్పట్లో చుట్టి అటక మీద పెట్టేయండి. ‘చూడాలనుకుంటే మా ఇంటికి వచ్చి, మా ఎదురుగా చూడండి’ అని కంపెనీకి ఈమెయిల్‌లో రాయండి. ఫోన్లో చెప్పి ఊరుకోవద్దు. అవసరమైతే జిల్లా కమిషనే దాన్ని ల్యాబ్‌కి పంపించి పరీక్ష చేయిస్తుంది. ఆ అధికారం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలోని 38వ సెక్షన్ ఇచ్చింది.

ఇక ఏడు రోజుల గడువు సంగతి. అది నచ్చకపోయినా, రంగు బాగోలేకపోయినా వెనక్కి ఇవ్వడానికి పెట్టుకున్న వాళ్ల సొంత నియమం. లోపం ఉన్న వస్తువు విషయంలో మీకు చట్టం ఇచ్చిన హక్కు దాంతో పోదు. లోపమున్న సరుకును వెనక్కి తీసుకోనని, డబ్బు ఇవ్వనని అమ్మకందారు అనకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. లాక్‌లో లోపం పంతొమ్మిదో రోజున బయటపడిందంటే అది పంతొమ్మిదో రోజున పుట్టిందని కాదు. ఫిర్యాదు చేయడానికి మీకు ఘటన జరిగిన రోజు నుంచి రెండేళ్ల సమయం ఉంది.

బిల్లు తమ్ముడి పేరు మీద ఉందని బెంగపడకండి. కొన్నవారి అనుమతితో వాడుకునేవారు కూడా వినియోగదారులే. మేనమామ కానుకగా పంపిన బండిలో కూర్చున్న మీ బాబు చట్టం దృష్టిలో వినియోగదారుడు. వాడు మైనరు కాబట్టి వాడి తరఫున అమ్మగా మీరు ఫిర్యాదు చేయొచ్చు. 2019 చట్టం వచ్చాక ఫిర్యాదుదారు ఉండే ఊళ్లోనే కేసు వేసుకోవచ్చు. కంపెనీ ఏ రాష్ట్రంలో ఉన్నా మీరు కాకినాడ దాటి వెళ్లనక్కర్లేదు. పరిహారం ఎంత అడిగినా, కమిషన్ ఫీజు లెక్క వస్తువుకు చెల్లించిన ధర మీదే ఉంటుంది. అది అయిదు లక్షల లోపు కాబట్టి మీకు ఫీజు ఏమీ లేదు.

మీరు అడగాల్సినవి రెండు వేర్వేరు విషయాలని గుర్తుంచుకోండి. లోపమున్న వస్తువుకు డబ్బు వాపసు ఒకటి. వేలికి తగిలిన దెబ్బ, వైద్యం ఖర్చు, మీరు పడ్డ మనోవేదనకు పరిహారం రెండోది. ఈ రెండోది చట్టంలో కొత్తగా చేర్చిన ప్రొడక్ట్ లయబిలిటీ, అంటే లోపమున్న వస్తువు వల్ల జరిగిన హానికి బాధ్యత కిందికి వస్తుంది. తయారీలో గానీ డిజైన్‌లో గానీ లోపం ఉన్నా, సరిగా వాడే పద్ధతి, హెచ్చరికలు తగినంతగా ఇవ్వకపోయినా తయారీదారు బాధ్యుడని 84వ సెక్షన్ చెబుతోంది. చాలామంది బండికి డబ్బులు వస్తే చాలనుకుని ఈ రెండోది అడగకుండా వదిలేస్తారు. మీరు వదలకండి.

సంచుల మాట మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. వస్తువును తప్పుగా వాడారని రుజువు చేస్తే 87వ సెక్షన్ కింద అమ్మినవారు తప్పించుకోవచ్చు. అందుకని నిజాయితీగా గుర్తు చేసుకోండి. ఆ రోజు హ్యాండిల్‌కి సంచి ఉందా? బాబు బరువెంత? బండి మోయగల బరువు ఎంతని రాసి ఉంది? సంచి ఉంటే ఉందనే చెప్పండి. సంచి బరువుకు బండి వెనక్కి వాలిపోవడం వేరు, లాక్ ఊడి మడతపడటం వేరు. ఆ తేడాను పరీక్ష చూపించగలదు. పైగా ‘సంచులు తగిలించవద్దు’ అన్న హెచ్చరిక బండి మీద గానీ కాగితంలో గానీ ఎక్కడా లేకపోతే ఆ వాదన వాళ్ల మెడకే చుట్టుకుంటుంది. దాచిపెట్టిన చిన్న విషయం క్రాస్ ఎగ్జామినేషన్‌లో, అంటే అవతలి లాయర్ ప్రశ్నించేటప్పుడు బయటపడితే మొత్తం కేసు మీదే అనుమానం వస్తుంది.

‘మేం కేవలం వేదిక మాత్రమే, అమ్మింది వేరేవాళ్లు’ అని వెబ్‌సైటు వాళ్లు అంటారు. అయితే అమ్మినవారి పూర్తి చిరునామా ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. కొన్నవారు అడిగితే ఇచ్చి తీరాలి, కాబట్టి ఆ ఈమెయిల్ తమ్ముడి ఖాతా నుంచి పెట్టించండి. వాళ్ల గ్రీవెన్స్ అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. పెట్టె మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా ఉండాలి. తయారీదారు ఎవరో తెలియకపోతే ఆ బాధ్యత అమ్మినవారి మీదే పడుతుందని 86వ సెక్షన్ అంటోంది. తయారీదారుకి, అమ్మినవారికి, వెబ్‌సైటుకి ముగ్గురికీ స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, పదిహేను రోజులు గడువివ్వండి. ఈలోపు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. చాలా గొడవలు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే వినియోగదారుల కేసుల కోసం ప్రభుత్వం పెట్టిన ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లోంచే కేసు దాఖలు చేయొచ్చు.

మరొకటి కూడా చేయమని అడుగుతున్నాను. ఇదే మోడల్ బండ్లు ఇంకెన్ని ఇళ్లలో ఉన్నాయో. ప్రమాదకరమైన వస్తువు గురించి జిల్లా కలెక్టరుకి గానీ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకి గానీ రాయొచ్చు. సరుకును మార్కెట్ నుంచి వెనక్కి రప్పించే అధికారం ఆ సంస్థకు ఉంది. ఒక పేజీ ఉత్తరం, నాలుగు ఫొటోలు చాలు.

మళ్లీ కొనేటప్పుడు ‘పుట్టినప్పటి నుంచి వాడొచ్చు’, ‘ఈఎన్ 1888 ప్రకారం పరీక్షించినది’ లాంటి మాటలు ఉన్న పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఈఎన్ 1888 అనేది పిల్లల చక్రాల బండ్లకు యూరప్ ప్రమాణం. అలా రాసి, అందుకు తగ్గట్టు లేకపోతే అది వాళ్లు ఇచ్చిన హామీని తప్పినట్టే.

ఇక బైక్ విషయం. ఇది చదవగానే మీవారికి చూపించండి. నాలుగేళ్లలోపు పిల్లలను బైక్ మీద తీసుకెళ్లాలంటే సేఫ్టీ హార్నెస్ (బిడ్డను బండి నడిపేవారికి కట్టి ఉంచే పట్టీల కోటు) ఉండాలని, 40 కిలోమీటర్ల వేగం దాటకూడదని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 138వ దానికి 2022లో సవరణ తెచ్చారు. 2023 ఫిబ్రవరి 15 నుంచి అది అమల్లో ఉంది. తొమ్మిది నెలలు నిండినవారికి హెల్మెట్ కూడా తప్పనిసరి. బేబీ క్యారియర్ ఆ హార్నెస్ కాదు. అది నడిచేటప్పుడు బిడ్డను ఎత్తుకోవడానికి చేసింది. ఉల్లంఘిస్తే మోటారు వాహనాల చట్టం 194డి సెక్షన్ కింద వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్స్ మీద వేటు పడవచ్చు.

మీ పాపకి అయిదు నెలలే కాబట్టి హెల్మెట్ నిబంధన వర్తించదని సర్దిచెప్పుకోవద్దు. ఆ వయసు తలకి సరిపోయే హెల్మెట్ లేదు, మెడ ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు. సడన్ బ్రేక్ పడితే తండ్రి బరువంతా పాప మీద, పాప హ్యాండిల్ మీద పడతారు. దూరం వెళ్లాల్సి వస్తే ఆటోలోనో కారులోనో వెళ్లండి. క్యారియర్‌ని వీధిలో నడిచేటప్పుడు కట్టుకోమనండి, అదీ పాప గడ్డం ఛాతీకి ఆనకుండా, ముఖం ఎప్పుడూ ఆయన కంటికి కనిపించేలా.