మగపిట్ట లేకుండానే కెనరీ గుడ్ల మీద గుడ్లు పెడుతుంటే

ఒక్కటే ఆడ కెనరీ (పంజరంలో పెంచుకునే చిన్న పాటల పిట్ట) ఉంది, గుడ్డు కనబడగానే తీసేస్తున్నా మళ్లీ పెడుతూనే ఉంది, ఆపేదెలా అని అడిగారు. మీరు తీసేస్తున్నారు కాబట్టే పెడుతోందండీ.

మగది లేకపోయినా గుడ్లు వస్తాయి, ఫారం కోడి గుడ్ల లాగే, పిల్లలు కావంతే. కెనరీ మామూలుగా రోజుకొకటి చొప్పున, పొద్దున పూట, నాలుగైదు పెట్టి పొదగడానికి కూర్చుంటుంది. గూట్లో ఏమీ లేకపోతే ఇంకోటి, ఇంకోటి అంటూ ఒంట్లో కాల్షియమంతా ఖర్చు చేసేసుకుంటుంది. మా ఇంట్లో ఆడపిట్టలు పెట్టిన గుడ్లు అలాగే వదిలేస్తాం. 13-14 రోజుల్లో పిల్లలు రావాలి, రాకపోతే కొన్నాళ్లకి విసుగొచ్చి అదే లేచిపోతుంది. అప్పుడు గుడ్లు, గూడు గిన్నె, పీచు, దూది అన్నీ ఒకేసారి తీసేయండి.

ఇంతకీ మీ పంజరం హాల్లోనే ఉంటుందా? ఎందుకంటే అసలు తంటా చాలా ఇళ్లల్లో ట్యూబ్‌లైటే. పగటి పొద్దు పెరుగుతుంటే కెనరీకి గూడు కట్టే రోజులు, తగ్గుతుంటే ఈకలు రాల్చుకుని విశ్రాంతి తీసుకునే రోజులు. హైదరాబాద్‌లో డిసెంబరు పగలు 11 గంటల పైచిలుకు, జూన్‌లో 13 దాటుతుంది, ఉన్న తేడానే రెండు గంటలు, దాని మీద మనం సీరియళ్లూ క్రికెట్టూ చూస్తూ రాత్రి పదకొండు దాకా లైటు వేసి ఉంచితే దానికి ఏడాది పొడుగునా గుడ్ల సీజనే. సాయంత్రం ఆరున్నర, ఏడింటికల్లా పంజరాన్ని చీకటి గదిలో పెట్టేయండి. గుడ్డు మేత (ఉడికించిన గుడ్డు కలిపి పెట్టే మేత) కూడా కొన్నాళ్లు ఆపి మామూలు గింజలూ ఆకుకూరా వేయండి, కటిల్‌బోన్ (కాల్షియం కోసం పంజరంలో పెట్టే కటిల్‌ఫిష్ పెంకు) మాత్రం తీయొద్దు.

టెన్షన్ పడాల్సింది ఒక్కదానికే. పంజరం అడుగున ఈకలు ఉబ్బించుకుని, తోక ఆడిస్తూ ముక్కుతోందంటే గుడ్డు ఇరుక్కుని ఉండొచ్చు. వెచ్చగా ఉంచి అప్పటికప్పుడు పక్షులు చూసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, పొట్ట నొక్కి బయటికి తీయాలని చూడొద్దు, లోపల పగిలితే ప్రాణానికే ముప్పు.

మగపిట్టని జత చేస్తే సర్దుకుంటుందని హైదరాబాద్ పక్షుల బజారు ముర్గీచౌక్‌లో ఎవరైనా చెప్పినా ఇప్పుడు వినకండి. ఇన్ని గుడ్లు పెట్టి నీరసపడిన దానికి పిల్లల్ని మేపే పని కూడానా! ఈ ఏడు ఈకలు రాల్చడం పూర్తయ్యాక, ఎండలు పోయి చలి మొదలయ్యాక చూసుకోవచ్చు, అప్పుడైనా సీజన్‌కి రెండుసార్లు పిల్లల్ని చేయిస్తే చాలు. ఆ పని పెట్టుకుంటే మాత్రం మొదటి గుడ్లని తీసి ప్లాస్టిక్‌వి పెడుతూ, నాలుగో గుడ్డు రోజున అసలువి తిరిగి పెట్టాలి. లేకపోతే ఒక్కో గుడ్డు ఒక్కో రోజు పగిలి, ముందు పుట్టిన పిల్ల బలంగా నోరు తెరిచి తిండంతా లాగేసుకుంటుంది, చివరిది ఆకలికి పోతుంది.