బావమరిదికి మన పార్టులు ఇవ్వొచ్చా?

ప్రశ్న: మాది హనుమకొండ, నయీంనగర్. మొన్న ఉరుములు, మెరుపుల వాన పడ్డ రాత్రి నుంచి మా బావమరిది పీసీ ఆన్ కావడం లేదు. నా పీసీలోని పార్టులు ఒక్కొక్కటే అందులో పెట్టి ఏది పోయిందో చూద్దామంటున్నాడు. అలా చేస్తే నావి కూడా కాలిపోతాయా? వద్దంటే ఇంట్లో బాగుండదు.

జవాబు: కాలిపోవచ్చు, కానీ అన్నీ కాదు. కరెంటు తీసుకునే పార్టు పాడైతే నష్టం చాలావరకు దాంతోనే ఆగిపోతుంది. చెడిపోయిన ర్యామ్‌ని మంచి మదర్‌బోర్డులో పెడితే తెర నల్లగా ఉండిపోతుంది, అంతే. హార్డ్‌డిస్క్ షార్టయితే మంచి ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటిచ్చే డబ్బా) ఫ్యాను ఒకసారి కదిలి ఆగిపోతుంది. పేచీ అంతా కరెంటు ఇచ్చేవాటితోనే.

అందులో మొదటిది ఎస్‌ఎంపీఎస్. 230 వోల్టులను 12, 5, 3.3 వోల్టులుగా మార్చి అందరికీ పంచేది అదే. అది అదుపు తప్పితే బోర్డు, డిస్కు కలిసి పోతాయి. అందుకని ఆయన ఎస్‌ఎంపీఎస్‌ని మీ పీసీకి తగిలించకండి, విడిగానే చూడండి. ప్లగ్గు తీసి, 24 పిన్నుల కనెక్టర్‌లో ఆకుపచ్చ తీగనీ పక్కనున్న నల్ల తీగనీ పేపర్ క్లిప్పుతో కలిపి, అప్పుడు ప్లగ్గు పెట్టి స్విచ్ వేయండి. మల్టీమీటర్‌లో పసుపు తీగ 11.4 నుంచి 12.6, ఎరుపు తీగ 4.75 నుంచి 5.25 మధ్య చూపాలి. అలా చూపినా లోడ్ పడ్డాక మొరాయించేవి ఉంటాయి. తీగలన్నీ నల్లగా ఉన్న మోడలైతే ఈ పని షాపుకే వదిలేయండి. డబ్బా మాత్రం విప్పొద్దు. ప్లగ్గు పీకాక కూడా లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైనే నిలిచి ఉండొచ్చు.

రెండోది మదర్‌బోర్డు. ప్రాసెసర్ పక్కన వరసగా కనిపించే చిన్న నల్ల మాస్‌ఫెట్లు (ఒక రకం ఎలక్ట్రానిక్ స్విచ్‌లు) 12 వోల్టులను సుమారు ఒక వోల్టుకు దించుతాయి. పిడుగు దెబ్బకు వాటిలో ఒకటి షార్టయినా 12 వోల్టులు నేరుగా ప్రాసెసర్ మీదికి రావొచ్చు. కాబట్టి బావమరిదే కాదు, బావగారడిగినా ప్రాసెసర్ ఇవ్వకండి.

నేను పోగొట్టుకున్నదైతే ఇంకోలా. ఒక మాడ్యులర్ (కేబుళ్లు ఊడదీయగలిగే) ఎస్‌ఎంపీఎస్ కేబుల్ ఇంకో కంపెనీదానికి చక్కగా సరిపోయింది కదా అని తగిలించా. లోపల తీగల వరస వేరు. స్విచ్ వేయగానే సన్నటి కాలిన వాసన, ఎస్‌ఎస్‌డీ ఖతం. టెస్ట్ చేసేటప్పుడు ఏ ఎస్‌ఎంపీఎస్ కేబుల్ దానికే వాడాలి. పార్టు మార్చే ప్రతిసారీ ప్లగ్గు పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి, బోర్డు మీది చిన్న లైటు ఆరాకే చెయ్యి పెట్టండి.

మొహమాటానికి ఏదైనా ఇవ్వాలంటే ఒక ర్యామ్ ఇవ్వండి. మీ ఎస్‌ఎంపీఎస్‌కి షార్ట్ ప్రొటెక్షన్ (షార్టయితే తనంతట తానే ఆగిపోయే ఏర్పాటు) ఉంటే అది కూడా. గ్రాఫిక్స్ కార్డు అడిగితే, అది లేకపోయినా ఫ్యాను తిరగాలి కదా, ముందు ఆ ఫ్యాను తిప్పి చూపించమనండి.