అడల్ట్ కమిషన్ ఒప్పుకునే ముందు ఆ ముఖం ఎవరిదో అడగండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: ఒక క్లయింట్ మామూలు బొమ్మకు ఇచ్చేదానికి మూడింతలు ఇస్తానని అడల్ట్ బొమ్మలు అడుగుతున్నాడు, వేరే పేరుతో గీసి ఇచ్చేస్తే ఇబ్బందేమైనా ఉంటుందా అని. నేను ఆరేళ్లుగా డిజిటల్ కమిషన్లు చేస్తున్నాను, అంటే అడిగినవాళ్లకు డబ్బు తీసుకుని బొమ్మలు గీసిస్తాను. మధ్యలో ఏడాదిన్నర ఇలాంటివి కూడా గీశాను. నగ్న చిత్రం గీయడం తప్పని నేను అనుకోను. కానీ మీ ఆలోచనంతా మీ పేరు దాచుకోవడం మీదే ఉంది. దానికంటే ముందు, బొమ్మలో ఎవరున్నారో చూడాలి.

నాకు జరిగింది చెప్తాను. ఒకాయన తాను రాసుకుంటున్న కథలో పాత్ర అని చెప్పి ఒక యువతి బొమ్మ అడిగాడు. వర్ణన రాసి పంపాడు, సగం డబ్బు అడ్వాన్స్‌గా వేశాడు, మాటతీరు చాలా మర్యాదగా ఉంది. మొదటి స్కెచ్ చూసి ముక్కు ఇంకాస్త సన్నగా ఉండాలన్నాడు. రెండోసారి కనుబొమలు మార్పించాడు. మూడో స్కెచ్ కూడా చూశాక, మాటల్లో చెప్పలేకపోతున్నానంటూ ఒక ఫొటో పంపాడు. మెడ దాకా కత్తిరించిన ఫొటో. గడ్డం గీత సరిగ్గా చూద్దామని జూమ్ చేస్తే, కింద అంచున నీలం రంగు పట్టీ ముక్క కనిపించింది. ఆఫీసుల్లో ఐడీ కార్డు వేలాడదీసుకునే పట్టీ. వెనక గాజు తలుపు. ఆవిడ కెమెరా వైపు చూడటం లేదు, పక్కనెవరితోనో మాట్లాడుతోంది.

ఎవరీవిడ అని అడిగాను. తెలిసినావిడే, ఏమీ అనుకోదు అన్నాడు. అయితే ఆవిడనే నాతో ఒక్క మాట చెప్పమనండి అన్నాను. రెండు రోజులు సమాధానం లేదు. మూడో రోజు "బొమ్మే కదా" అని ఒక్క ముక్క వచ్చింది. అడ్వాన్స్ తిరిగి పంపేసి పని ఆపేశాను. కానీ అప్పటికే మూడు స్కెచ్‌లు ఆయన చేతికి వెళ్లిపోయాయి. వాటర్‌మార్క్ ఉంది, సైజు చిన్నదే, అయినా ఆ ముక్కూ ఆ కనుబొమలూ ఆవిడవే. ఆవిడ ఎవరో నాకు తెలియదు, చెబుదామన్నా దారి లేదు. ఇప్పటికీ నన్ను బాధపెట్టేది అదే.

అందుకే నిజమైన మనిషి పోలిక ఉన్న బొమ్మ, ఆ మనిషి స్వయంగా ఒప్పుకుంటే తప్ప గీయను. క్లయింట్ భార్య అన్నా, మాజీ ప్రియురాలు అన్నా, సినిమా నటి అన్నా ఇదే మాట. చట్టాలు కూడా ఇటే కదులుతున్నాయి. అనుమతి లేకుండా ఒక వ్యక్తి నగ్న, లైంగిక చిత్రాలను ఆన్‌లైన్‌లో పెట్టడాన్ని అమెరికా 2025లో ఫెడరల్ నేరం చేసింది. కంప్యూటర్‌తో తయారుచేసి అసలు ఫొటోలా కనిపించేవి కూడా అందులోకి వస్తాయి. మీ బొమ్మ కార్టూన్‌లా ఉందని ఏదో ఒక చట్టానికి అందకపోవచ్చు, కానీ బొమ్మలో ఉన్న మనిషిని ఎరిగినవాళ్లు చూసి గుర్తుపడితే ఆ మనిషికి జరిగే నష్టం ఏమీ తగ్గదు.

వయసు విషయంలో అసలు చర్చే పెట్టుకోకండి. చూడటానికి పిల్లలా ఉండే పాత్రను తెచ్చి, ఈమెకు వెయ్యేళ్లు, ఈమె దేవకన్య అని చెప్పేవాళ్లు మీకూ తగులుతారు. బ్రిటన్ 2009 చట్టం ప్రకారం గీసిన బొమ్మలకు కూడా శిక్ష ఉంది, దగ్గర ఉంచుకోవడమే నేరం. చూసినవాళ్లకు ప్రధానంగా పిల్ల అనే అభిప్రాయం కలిగితే చాలు, పిల్లగానే లెక్క. భారత ఐటీ చట్టంలోని 67బి సెక్షన్ పిల్లలను అశ్లీలంగా చూపే డిజిటల్ చిత్రాలను తయారుచేయడాన్నే నేరంగా చూస్తుంది. ఇలాంటివి అడిగిన క్లయింట్‌తో ఇంకే పనీ చేయకండి, మామూలు పోర్ట్రెయిట్ కూడా వద్దు. అడిగేవాళ్లకు కూడా 18 నిండాయో లేదో ముందే తేల్చుకోండి.

ఇక పూర్తిగా కల్పిత పాత్రలు, పెద్దవాళ్లే అయితే? దేశాన్ని బట్టి ఉంటుంది. మీ దేశంలో నడిచేది క్లయింట్ దేశంలో నడవకపోవచ్చు, అటూ ఇటూ రెండూ చూసుకోవాలి. ఉదాహరణకు భారత్‌లో, నగ్నత్వం ఉన్నంత మాత్రాన అశ్లీలం కాదని 2014లో అవీక్ సర్కార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కళకు, సాహిత్యానికి మినహాయింపు ఉంది. కానీ లైంగిక చర్యను స్పష్టంగా చూపే చిత్రాన్ని ఎలక్ట్రానిక్ రూపంలో ప్రచురించినా, పంపినా అదే ఐటీ చట్టం 67ఎ సెక్షన్ కింద మొదటిసారికే ఐదేళ్ల వరకు జైలు, 10 లక్షల వరకు జరిమానా. పంపడం అన్న మాట గమనించండి. పబ్లిక్‌గా పెట్టలేదు కదా అన్న ధీమా పనికిరాదు. పెద్ద ఆర్డరైతే ఒక్కసారి లాయర్‌ను అడగండి, ఆ ఫీజు దండగ కాదు.

వేరే పేరు గురించి అడిగారు కాబట్టి: డబ్బు వచ్చే ఖాతా ఎలాగూ మీ అసలు పేరు మీదే ఉంటుంది. ఆన్‌లైన్ పేమెంట్ సంస్థల్లో స్ట్రైప్ అడల్ట్ కంటెంట్‌కు ఒప్పుకోదు, పేపాల్‌లోనూ గట్టి ఆంక్షలున్నాయి. నా ఖాతా ఒకటి ఆపేసినప్పుడు అడల్ట్ పని డబ్బే కాదు, పెళ్లి పోర్ట్రెయిట్ల డబ్బు కూడా నెలల తరబడి ఇరుక్కుంది. అప్పుడు పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. పని పేరు మార్చి "డిజైన్ కన్సల్టింగ్" అని రాసి తప్పించుకుందామని మాత్రం చూడకండి, అది ఇంకో తప్పు అవుతుంది. బొమ్మలు పెట్టే సైట్లను కూడా నమ్ముకోలేం. టంబ్లర్ 2018 డిసెంబర్ 17 నుంచి లైంగిక చర్యను చూపే బొమ్మలు నిషేధించింది. 2025 జులైలో పేమెంట్ సంస్థల ఒత్తిడితో, గేమ్‌లు, కామిక్స్ అమ్ముకునే సైట్ ఇచ్.ఐఓ అలాంటి పనులను సెర్చ్‌లో కనిపించకుండా చేసింది. ఏళ్ల తరబడి అక్కడ పాఠకులను కూడగట్టుకున్న ఆర్టిస్టులు ఒక్కరోజులో రోడ్డున పడ్డారు.

మీ క్లయింట్‌కు ఇవాళే రాయండి. ఈ పాత్రకు నిజమైన మనిషెవరైనా ఆధారమా, వయసెంత, ఫైల్ ఎక్కడ వాడతారు, మధ్యలో నేను కాదంటే అడ్వాన్స్ ఎలా తిరిగిస్తాను. ఇవన్నీ రాతలో ఉండాలి. సమాధానం వచ్చేదాకా స్కెచ్ కూడా మొదలుపెట్టకండి. రిఫరెన్స్ అంటూ ఫొటో పంపితే, ముఖం ఒక్కటే కాదు, అంచుల దాకా జూమ్ చేసి చూడండి.