సోలార్ సర్టిఫికెట్ తర్వాత, ముందు కరెంటు నేర్చుకోనివ్వండి

దేవరకొండ దగ్గరి ఒక ఊరి నుంచి ఒక రైతన్న అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల బిడ్డ పది పాసైంది, పాలిసెట్‌లో ర్యాంకు బాగానే వచ్చింది, తనకేమో ఎలక్ట్రికల్ మీద, అందులోనూ సోలార్ మీద మనసుంది. చుట్టాలు కంప్యూటర్స్ తీసుకోమంటున్నారు, ఆడపిల్ల స్తంభాలెక్కుతుందా అంటున్నారు. ఈలోపు హైదరాబాద్ నుంచి ఒకాయన ఫోన్ చేసి డిప్లొమా ఎందుకు, మూడు నెలల్లో సోలార్ ఇంజనీర్ సర్టిఫికెట్ ఇస్తాం, అరవై వేలు కట్టండి, జాబ్ గ్యారంటీ అన్నాడట.

అన్నా, ముందు ఆ అరవై వేలు కట్టకండి. మూడు నెలల్లో ఎవరూ ఇంజనీర్ కారు. సోలార్ ప్లేట్లు బిగించే పని నేర్పడానికి కేంద్ర ప్రభుత్వమే 2015 నుంచి సూర్యమిత్ర అనే శిక్షణ పెట్టింది, దానికి ఫీజు లేదు, కాకపోతే పద్దెనిమిదేళ్లు నిండి ఐటీఐలో ఎలక్ట్రీషియన్ లాంటి ట్రేడో డిప్లొమానో చదివి ఉండాలి. అంటే అది కూడా ముందు కరెంటు నేర్చుకున్నవాళ్లకే. మీ బిడ్డకు ఇప్పుడు కావలసింది ఈఈఈ, అంటే ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ డిప్లొమా. వెబ్ ఆప్షన్లలో నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ పాలిటెక్నిక్‌లలో ఈఈఈ పైన పెట్టించండి, మిగతావి తర్వాత.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, కిందటేడాది కల్వకుర్తి వైపు ఒక ఇంటి మీద ప్లేట్లు బిగిస్తుంటే దగ్గరుండి చూశాను. కుర్రాడు కింద మెయిన్ ఆఫ్ చేసి వచ్చి, ఇక షాక్ లేదు అనుకుని ప్లేట్ల వైర్లు పట్టుకోబోయాడు. పక్కనున్న పెద్ద మేస్త్రీ చెయ్యి పట్టి ఆపాడు. ప్లేటు మీద ఎండ పడుతున్నంతసేపు ఆ వైర్లలో కరెంటు ఉంటుంది, కింద మెయిన్ ఆపితే దానికి తెలియదు. వరసగా ఆరు ప్లేట్లు కలిపితే రెండు వందల వోల్టులు దాటుతుంది, అది డీసీ, అంటే ఒకే దిక్కుగా పారే కరెంటు, మన ఇంట్లో కరెంటులా కాదు. మేస్త్రీ ఒక కాలిపోయిన కనెక్టర్ కూడా చూపించాడు, వైరు చివర సరిగ్గా నొక్కకపోతే అక్కడ వేడెక్కి ప్లాస్టిక్ కరిగి నల్లగా అయిపోయింది, ఇంటాయనకు మాత్రం ఉత్పత్తి తగ్గింది ఎందుకో అర్థం కాలేదు. ఎర్తింగ్ ఎందుకు, వైరు మందం ఎంత, డీసీకి వేరే ఎంసీబీ (తేడా వస్తే దానంతట అదే పడిపోయే స్విచ్) ఎందుకు, ఇవి సర్టిఫికెట్ కాగితం నేర్పదు. మూడేళ్లు ల్యాబ్‌లో మీటరు పట్టుకుని కూర్చుంటే వస్తాయి.

పని ఉందా అంటారా, ఉంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం లక్ష్యమే కోటి ఇళ్లు, రెండు కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30 వేలు, మూడు కిలోవాట్లు ఆపైన ఎంతైనా మొత్తం 78 వేలు సబ్సిడీ ఇస్తున్నారు. కిలోవాట్ ప్లేట్లు మన ఎండకు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తాయి. నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లిలో ఇంటింటికీ ప్లేట్లు పెట్టారు, ఒక ఆదివారం బిడ్డను తీసుకెళ్లి చూపించండి, ఏ బ్రోషర్ కంటే అదే నయం. ఇవన్నీ పదేళ్లు, ఇరవై ఏళ్లు నడవాలి. బిగించేవాళ్లు ఒకసారి వచ్చి పోతారు, చూసుకునేవాళ్లే ఇప్పుడు తక్కువ.

ఒకవేళ సోలార్ మీద తన మనసు మారినా ఈఈఈ వృథా కాదు. మీ జిల్లానే చూడండి. సాగర్‌లో నీటి కరెంటు, దాదాపు 816 మెగావాట్లు. దామరచర్లలో యాదాద్రి థర్మల్, నాలుగు వేల మెగావాట్లు. కొంచెం అవతల శ్రీశైలం ఎడమ గట్టు కేంద్రం, 900 మెగావాట్లు, అక్కడి యంత్రాలు వెనక్కి తిప్పితే కింది నీళ్లను మళ్లీ పైకి తోడతాయి. సోలార్ సాయంత్రానికి ఆగిపోతుంది కదా, మన ఇళ్లలో లైట్లు, టీవీలు మొదలయ్యేది అప్పుడే, అందుకే పగటి కరెంటును ఇట్లా నీళ్ల రూపంలోనో బ్యాటరీలోనో దాచే పని రాబోయే రోజుల్లో చాలా ఉంటుంది. ఇవన్నీ ఈఈఈ వాళ్ల పనులే.

ఇంకొకటి, మీరు అడగలేదు కానీ నేను చెప్పి తీరాలి. కరెంటు తయారు చేయడం గురించే అందరూ అడుగుతారు, మిగల్చడం కూడా ఒక ఉద్యోగం అని ఎవరూ అనుకోరు. 2001 ఇంధన పొదుపు చట్టం కింద బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ అనే సంస్థ ఉంది, ఫ్రిజ్‌ల మీద స్టార్లు వేయించేది వాళ్లే. ఇంధనం ఎక్కడ వృథా అవుతోందో లెక్కగట్టే ఎనర్జీ ఆడిటర్ పరీక్ష కూడా వాళ్లదే, బీటెక్ చేసి మూడేళ్ల అనుభవం ఉంటే రాయొచ్చు. మిర్యాలగూడ మిల్లులు మీకు తెలుసు, ఉప్పుడు బియ్యానికి వడ్లు ఉడికించే బాయిలర్లో ఊక వేస్తారు, అది కూడా పునరుత్పాదక ఇంధనమే, మనం ఎప్పుడూ ఆ పేరుతో పిలవలేదు అంతే. ఆ ఆవిరి పైపుకు సరిగా చుట్టు కట్టకపోతే ఎంత వేడి గాలికి పోతుందో, పాత మోటారు ఎంత తింటుందో కొలిచి చెప్పేవాళ్లు కావాలి. జడ్చర్ల దగ్గర పోలేపల్లి మందుల కంపెనీల్లోనూ ఇదే అవసరం.

మీ పొలమే చూద్దాం. 5 హెచ్‌పీ మోటారు గంట నడిస్తే నాలుగు యూనిట్లకు పైనే. 2018 జనవరి నుంచి 24 గంటల ఉచిత కరెంటు వచ్చాక కూడా చాలామంది కరెంటు రాగానే మోటారును దానంతట అదే నడిపే ఆటోస్టార్టర్ తీయలేదు, కరెంటు ఉన్నంతసేపు మోటారు పోస్తూనే ఉంటుంది, మడి నిండి గట్టు తెగినా సరే. బిల్లు రాదు కాబట్టి తెలియదు కానీ బోర్లో నీళ్లు రెండింతలు లోతుకు పోతే అవే నీళ్లు పైకి రావడానికి రెండింతల కరెంటు కావాలి. మీ దగ్గర ఆటోస్టార్టర్ ఉంటే దయచేసి తీసేయండి అన్నా.

స్తంభాల మాటకొస్తే, సిద్దిపేట జిల్లా అమ్మాయి ఒకరు స్తంభం ఎక్కే పరీక్ష పాసై 2021లో మన దక్షిణ డిస్కంలోనే (మనకు కరెంటు సరఫరా చేసే సంస్థ) జూనియర్ లైన్‌మన్‌గా చేరింది. అయితే డిప్లొమా చేసినవాళ్లు వెళ్లేది ఎక్కువగా సబ్ ఇంజనీర్ పోస్టులకు, లేదంటే ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరానికి. ప్రైవేటు సోలార్ కంపెనీల్లో మొదటి రెండేళ్లు జీతం తక్కువే, ఎండలో డాబాల మీద తిరగాలి, ఇది దాచకుండా తనకు చెప్పండి. కంప్యూటర్స్ చెడ్డ కోర్సు కాదు, కానీ పిల్లకు ఇష్టం లేని కోర్సును చుట్టాల మాట మీద చేయిస్తే మూడేళ్లు బరువు మోసేది తనే.

కాలేజీ తెరిచేలోపు తనకు ఒక పని ఇవ్వండి. ఇంటి మీటరు మీద ఎర్రగా మిణుకుమనే చిన్న లైటు ఉంటుంది, పక్కన 3200 అని అంకె ఉంటే అది 3200 సార్లు మిణుకుమంటే ఒక యూనిట్ అన్నట్టు. రాత్రి అన్నీ ఆపేసి ఒక్క ఫ్యాన్ మాత్రమే వేసి, పది నిమిషాలు లెక్కపెట్టమనండి. 75 వాట్ల పాత ఫ్యాన్‌కు నలభై సార్లు వెలుగుతుంది, తక్కువ కరెంటు తినే కొత్తరకం 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు పదహారు సార్లే. తర్వాత ఫ్రిజ్, టీవీ, ఒక్కొక్కటీ నోట్‌బుక్‌లో రాయాలి. అన్నీ ఆపినా లైటు మిణుకుమంటుంటే ఎక్కడో ఏదో లాగుతోందని అర్థం, అది ఏదో కనిపెట్టమనండి. ఆ నోట్‌బుక్ ఫొటో తీసి పంపితే, ఈసారి జవాబు మీకు కాదు, తనకే రాస్తాను.